బొమ్మ వైపు డాలు, బొరుసు వైపు రెక్కల స్త్రీ: ఈ గ్రీకు కంచు నాణెం ఏ ఊరిది?

శ్రీవాణి_లీడ్స్:
అందరికీ నమస్కారం. నేను ఇంగ్లండులో ఉంటున్నాను. నిరుడు మా ఊరి పాత వస్తువుల సంతలో ఒక పెద్దాయన తన తండ్రి సేకరణలో మిగిలిన ఆరు నాణేలను ఒకే పొట్లంగా అమ్ముతుంటే కొన్నాను. వాటిలో అయిదింటిని మ్యూజియంల ఆన్‌లైన్ జాబితాలతో పోల్చి, నాకు తెలిసినంతలో గుర్తించుకోగలిగాను. ఆరవది మాత్రం మూడు నెలలుగా నా బల్ల మీదే ఉండిపోయింది. వెర్నియర్ కాలిపర్‌తో కొలిస్తే వెడల్పు 21 మిల్లీమీటర్లు, నగల త్రాసులో తూకం 7.1 గ్రాములు. ముదురాకుపచ్చ రంగు చిలుము అంతటా సమానంగా పట్టి ఉంది. బొమ్మ వైపు డాలు లాంటి ఆకారం, దాని నడుమ బాగా అరిగిన ఒక గుండ్రటి ఉబ్బు కనిపిస్తున్నాయి. బొరుసు వైపు రెక్కలున్న ఒక స్త్రీ కుడివైపుకు నడుస్తున్నది. ఆమె భుజం మీద మట్ట లాంటిదేదో ఉంది. అక్షరాలు దాదాపు అరిగిపోయాయి. గ్రీకు అక్షరాలతో నా పరిచయం ఇంటర్ భౌతికశాస్త్రం దగ్గరే ఆగిపోయింది కనుక, నిరోధానికి వాడే ఓమ్ గుర్తును, అంటే ఓమెగాను మాత్రం వెంటనే పోల్చుకోగలిగాను. దాని ముందు ‘న్యూ’ అనే అక్షరం ఉన్నట్టు అనిపిస్తున్నది. రెండు వైపుల ఫోటోలూ జతచేశాను.

బొమ్మాబొరుసు:
ఇందులో పెద్దగా సందేహించవలసింది ఏమీ కనిపించడం లేదండీ. నడుమ ఉబ్బు, చుట్టూ అలంకారం ఉన్న డాలు అంటే అది మాసిడోనియా డాలే. అలెగ్జాండర్ తరువాతి రాజుల కాలంలో డాలు ఒకవైపు, శిరస్త్రాణం మరొకవైపు ఉన్న చిన్న కంచు నాణేలు విస్తారంగా ముద్రించారు. మీరు స్త్రీ అనుకుంటున్నది అరిగిపోయిన శిరస్త్రాణం కావచ్చు. పక్కలకు దిగే చెంప కవచాలు ఒక్కోసారి రెక్కల్లా కనిపిస్తాయి.

తామ్రలిపి:
బొమ్మాబొరుసు గారి మాటలో సగం సబబే, మాసిడోనియా డాలు నాణేలు నిజంగానే ఎక్కువ. అయితే అవి సాధారణంగా ఇంతకంటె చిన్నవి, తేలికైనవి. పైగా వాటి డాలు శుద్ధ వృత్తం, అంచు వెంట అర్ధచంద్రాకారపు గీతలు వరుసగా ఉంటాయి. ఈ ఫోటోలో అంచు వృత్తంగా లేదు, కోణాలు కోణాలుగా విరిగి ఉంది. లోపలి భాగంలో, ముఖ్యంగా గడియారంలో నాలుగు గంటల స్థానం దగ్గర, పొలుసుల జాడ ఇంకా మిగిలి ఉంది. ఇది డాలు కాదు, ఎథీనా దేవి ధరించే ఈజిస్ అనే పొలుసుల తోలు కవచం. నడుమనున్న ఉబ్బు, పాములే జుట్టుగా ఉన్న రాక్షసి మెడూసా ముఖం. నాణెంలో అన్నిటికంటె ఎత్తైన భాగం అదే కనుక చేతులు మారినకొద్దీ ముందుగా అరిగేదీ అదే.

అటువైపున్నది విజయదేవత నైకీ. (గ్రీకువారి ఉచ్చారణకు దగ్గరగా రాస్తే ‘నీకే’ అవుతుంది, అప్పుడు విజయం ఎవరికో వాక్యంలోనే తేలిపోతుంది.) ఆమె భుజాన ఉన్నది ఖర్జూర మట్ట. ఈజిస్, నైకీ ఒకే నాణెం మీద కలిశాయంటే మనం మాసిడోనియాను వదిలిపెట్టి నల్లసముద్రం దక్షిణ తీరానికి, పొంటస్ రాజ్యానికి వెళ్ళాలి. క్రీ.పూ. 120 ప్రాంతం నుండి 63 వరకు అక్కడ ఏలినవాడు ఆరవ మిత్రదాతీస్. మిత్రుడు అనే పారశీక దేవత ఇచ్చినవాడు అని ఆ పేరుకు అర్థం, అంటే అచ్చంగా మన మిత్రదత్తుడే.

చిక్కు ఇక్కడే మొదలవుతుంది. ఆయన ఏలుబడిలోని అనేక పట్టణాలు ఇదే బొమ్మ, ఇదే బొరుసు, ఇదే తూకంతో కంచు నాణేలు ముద్రించాయి. అమిసోస్, సినోపే, అమాస్ట్రిస్, కబీర, కోమన అన్నీ ఆ వరుసలోనివే. తేడా అంతా ఊరి పేరు చెప్పే అక్షరాలలోనే ఉంటుంది. కాబట్టి రాజ్యం, కాలం బొమ్మలను బట్టి తేలిపోయాయి. ఊరు తేలాలంటే అక్షరాలే దిక్కు. అమిసోస్ నాణేలు మిగతా అన్నిటికంటె ఎక్కువగా దొరుకుతాయి కనుక అదే అయి ఉంటుందని సంతలో అమ్మేవారు చీటీ రాసేస్తుంటారు. ఈ నాణెం మీద ఓమెగా ఖాయంగా ఉంటే మాత్రం అది అమిసోస్ కాదు, ఎందుకంటే ‘అమిసౌ’ అనే రాతలో ఓమెగా లేదు.

సాగరతీరం:
అయితే జవాబు దొరికినట్టే కదా. న్యూ, దాని వెంట ఓమెగా అంటే ‘సినోపేస్’, అంటే సినోపే పట్టణానిది. ఈనాటి తుర్కియేలోని సినోప్ అదే. మొదటి ఫర్నాకేస్ క్రీ.పూ. 183లో దాన్ని పట్టుకున్నాక పొంటస్ రాజులకు రాజధాని అయింది. మిత్రదాతీస్ పుట్టినదీ, తత్త్వవేత్త డయోజెనీస్ పుట్టినదీ అక్కడే. క్రీ.పూ. 70లో రోమన్ సేనాని లుకుల్లుస్ చేజిక్కించుకున్నాడు. నా సేకరణలోనూ సరిగ్గా ఇలాంటిది ఒకటి ఉంది, దాని మీదా ఆ రెండక్షరాలే కనిపిస్తాయి. శ్రీవాణి గారికి అభినందనలు.

తామ్రలిపి:
సాగరతీరం గారూ, అభినందనలు ఒక రోజు ఆపండి. ఈ నాణేలలో ఊరి పేరును రెండు ముక్కలు చేసి నైకీకి చెరొకవైపు పేరుస్తారు. సినోపే నాణెంలో ఎడమవైపు ‘సినో’, కుడివైపు ‘పేస్’ ఉంటాయి. కోమన నాణెంలో ఎడమవైపు ‘కోమా’, కుడివైపు ‘నోన్’ ఉంటాయి. న్యూ, ఓమెగా జంట రెండింటిలోనూ ఉంది; ఒకదానిలో ఎడమ సగం చివర, రెండవదానిలో కుడి సగం మొదట. కాబట్టి ఏ అక్షరాలు కనిపించాయన్నది కాదు, దేవతకు ఏ పక్కన కనిపించాయన్నది ముందు తేలాలి. ఫోటోలో వెలుతురు నేరుగా పైనుండి పడటం వల్ల అక్కడంతా మెరుపు తప్ప నాకేమీ కనిపించడం లేదు.

పాతసామాను:
ఇన్ని తర్జనభర్జనలెందుకండీ? మా ఇంట్లో ఇత్తడి చెంబులు ఎంత నల్లబడినా చింతపండు పట్టించి అరగంట ఉంచి తోమితే అద్దంలా మెరుస్తాయి. నాణేన్ని ఒక్కసారి అలా తోమితే అక్షరాలు వాటంతట అవే బయటపడతాయి.

రసశాల:
శ్రీవాణి గారూ, దయచేసి ఆ పని చేయకండి. చెంబు విషయంలో చింతపండు పులుపు పైపొరను కరిగించినా అడుగున గట్టి లోహం ఉంటుంది, మనకు కావలసినదీ ఆ మెరుపే. రెండు వేల ఏళ్ళ కంచు విషయం వేరు. పైనున్న లోహం కొంత మేరకు చిలుముగా మారిపోయి ఉంటుంది, అక్షరాల అంచులు ఆ చిలుము పొరలోనే నిలిచి ఉంటాయి. పులుపు ఆ పొరను కరిగిస్తే అక్షరాలూ దానితోపాటే పోతాయి, చేతిలో గుంటలు పడిన గులాబి రంగు బిళ్ళ మిగులుతుంది. నిమ్మరసం, వెనిగర్, పళ్ళపొడి అన్నీ ఈ కోవలోవే.

మట్టి అంటుకుని ఉంటే స్వేదనజలంలో నానబెట్టి, రోజూ నీళ్ళు మారుస్తూ, మెత్తని కుంచెతో తుడవండి. అంతకు మించి ఏమీ వద్దు. మరొక జాగ్రత్త కూడా ఉంది. మీరు చెప్పిన ముదురాకుపచ్చ, గట్టిగా, నున్నగా ఉన్నంతవరకు మంచిదే. అలా కాక లేతాకుపచ్చ పొడి చుక్కలు చుక్కలుగా రాలుతుంటే మాత్రం అది కంచు జబ్బు. క్లోరైడ్ లవణాలు గాలిలోని తేమతో కలిసి లోహాన్ని లోపలినుండి తినడం వల్ల వస్తుంది. అలాంటి నాణేన్ని పొడిగా, మిగతావాటికి దూరంగా ఉంచాలి. మీ ఊరి తేమకు పెట్టెలో సిలికా జెల్ సంచి ఒకటి వేసి ఉంచడం మేలు.

పాతసామాను:
మంచిది, చింతపండును చారుకే పరిమితం చేస్తాను.

శ్రీవాణి_లీడ్స్:
తోమలేదండీ, మీరు భయపడకండి. తామ్రలిపి గారు అడిగినది ఇప్పుడు భూతద్దంతో చూశాను. ఓమెగా నైకీకి కుడివైపే, మోకాలి ఎత్తున ఉంది. దాని తరువాత న్యూ స్పష్టంగా ఉంది. దాని ముందున్న అక్షరానికి ఎడమ నిలువు గీత కనిపిస్తున్నది కానీ మిగతా భాగం అరిగింది. నేను న్యూ అనుకున్నది దానినే. ఎడమవైపు మొదటి అక్షరం మన పాఠ్యపుస్తకాల్లోని ‘కే’ అక్షరంలా ఉంది. అంటే ఇది కోమన అన్నమాటే కదా!

తామ్రలిపి:
సినోపే పోయింది, అంతవరకు నిశ్చయం. ఎడమవైపు ‘కప్పా’ ఉండటం వల్ల అమాస్ట్రిస్ కూడా పోయింది. కోమన మీద మాత్రం ఇంకా సంతకం చేయలేను. కబీర పట్టణపు నాణెం మీద ఎడమవైపు ‘కబే’, కుడివైపు ‘రోన్’ అని ఉంటుంది. అదీ కప్పాతోనే మొదలవుతుంది, అదీ ఓమెగా, న్యూలతోనే ముగుస్తుంది. గ్రీకులో కోమన, కబీర రెండూ బహువచన రూపంలో ఉండే ఊరి పేర్లు కనుక, ‘ఫలానా ఊరి’ అని షష్ఠీ విభక్తిలో చెప్పేటప్పుడు రెండింటికీ ‘ఓన్’ అనే అంత్యమే వస్తుంది. మీకు కనిపిస్తున్న ఆ ఒక్క నిలువు గీత న్యూ తాలూకుది కావచ్చు, ‘రో’ తాలూకుదీ కావచ్చు. రో అంటే నిలువు గీతకు పైభాగాన కుడివైపు చిన్న చుట్టు. ‘ఓమెగా ముందు న్యూ’ అని మీరు మొదట రాసినప్పుడు మనమంతా, నాతో సహా, ఆ మాట నమ్మి సినోపే, కోమనల మధ్యే తచ్చాడాము. మీరు చూసినది ఒక గీత; దాన్ని అక్షరంగా పూర్తి చేసినది ఊహ.

కనుక మూడు చోట్ల చూడాలి. కుడివైపు ఆ నిలువు గీత నుండి పైన చుట్టు బయలుదేరుతున్నదా, లేక కిందికి ఏటవాలు గీత దిగుతున్నదా? ఎడమవైపు కప్పా పక్కన గుండ్రని అక్షరం ఉందా, శిఖరం ఉన్న అక్షరమా? ఎడమ సగం చివరి అక్షరం ‘ఆల్ఫా’నా, ‘ఈటా’నా? మూడవదే అన్నిటికంటె నమ్మదగినది. ఆల్ఫాకు రెండు గీతలు పైన కలుస్తాయి, ఈటాకు రెండు నిలువు గీతలు ఎక్కడా కలవవు. అడ్డగీత అరిగిపోయినా ఆ తేడా నిలిచి ఉంటుంది.

దీపాన్ని నాణేనికి పైన కాక పక్కన, బల్లకు దాదాపు ఆనేంత కిందుగా పెట్టండి. గది చీకటి చేసి, దీపాన్ని కదపకుండా నాణేన్ని కొద్దికొద్దిగా తిప్పుతూ ఎనిమిది ఫోటోలు తీయండి. ఒక కోణంలో మాయమైన గీత మరొక కోణంలో నీడతో సహా లేస్తుంది.

కోటిలింగాల_తమ్ముడు:
విషయం దాటుతున్నాననుకోకపోతే ఒక మాట మనవి చేస్తాను. శాతవాహనుల సీసం, పోటిన్ (రాగి, తగరం, సీసం కలిపిన లోహం) నాణేలు చూసేవాళ్ళకు ఇది రోజూ ఎదురయ్యే చిక్కే. అచ్చు పెద్దది, బిళ్ళ చిన్నది కావడంతో రాతలో సగమే నాణెం మీద పడుతుంది. ‘సాతకణిస’ అని ఎంత స్పష్టంగా కనిపించినా ఏ రాజుదో చెప్పలేము, ఎందుకంటే ఆ పేరు చాలామందికి ఉంది. ముందున్న ‘గోతమిపుతస’, ‘వాసిఠిపుతస’ లాంటి తల్లి పేరు దొరికితేనే దారి కనిపిస్తుంది. తామ్రలిపి గారు చెబుతున్న ‘ఓన్’ అంత్యం నాకు అచ్చంగా ‘సాతకణిస’ లాగే తోచింది. మా దగ్గర పెద్దలు ఒక నాణెం మీది రాతను, అదే అచ్చుతో పడిన మరో నాణెం మీది రాతతో కలిపి పూర్తి చేస్తారు. ఒకదానిలో తెగిపోయిన ముక్క రెండవదానిలో దొరుకుతుంది. గ్రీకు కంచు నాణేలలో అలా కుదురుతుందా?

తామ్రలిపి:
తమ్ముడూ, విషయం దాటలేదు, సరిగ్గా నడిబొడ్డుకే వచ్చావు. కుదురుతుంది. అచ్చులను చేత్తో చెక్కేవారు కనుక ఏ రెండు అచ్చులూ ఒకేలా ఉండవు. నైకీ పాదానికి, పక్క అక్షరానికి నడుమ ఉన్న దూరం, మట్ట కొస ఏ అక్షరం మీదికి వస్తున్నదీ, రెక్క ఈక ఎక్కడ ఆగుతున్నదీ పోల్చి చూస్తే ఒకే అచ్చు నుండి వచ్చిన నాణేలు పట్టుబడతాయి. అయితే పోలిక బాగా కుదరాలన్న ఆత్రం మనచేత తప్పు చేయిస్తుంది, కనుక కనీసం మూడు నాలుగు చోట్ల దూరాలు కలిస్తేనే నమ్మాలి. పూర్తి రాత ఉన్న ఒక్క నాణెం చాలు, అదే అచ్చుతో పడిన అరిగిన నాణేలన్నిటికీ అదే ఊరి పేరు ఇచ్చినట్టవుతుంది.

బొమ్మాబొరుసు:
నా మాసిడోనియా మాటను వెనక్కి తీసుకుంటున్నాను, ఈజిస్ అంచును ఇప్పుడు పోల్చుకున్నాను. ఒక ప్రశ్న: తూకాన్ని బట్టి ఊరు చెప్పడానికి వీలుందా? 7.1 గ్రాములు కోమనకు తక్కువా, కబీరకు ఎక్కువా?

రసశాల:
వీలు లేదండీ. వెండి నాణేనికి లోహం విలువే నాణెం విలువ కనుక ఒక్కో బిళ్ళను తూచి దిద్దేవారు. కంచు నాణెం చెల్లుబాటు అయ్యేది రాజు ముద్రను బట్టి. ఇంత లోహంలో ఇన్ని బిళ్ళలు పోయాలని లెక్క చూసుకునేవారు కానీ ఒక్కోదానిని తూచేవారు కాదు. అందువల్ల ఒకే ఊళ్ళో ఒకే అచ్చు నాణేలలోనూ గ్రాము, అంతకు మించిన తేడా మామూలే. ఈ రకానివి సుమారు ఏడు, ఎనిమిది గ్రాములు ఉంటాయి. తూకం చెప్పేది ఇది ఆ శ్రేణిలో ఏ మెట్టు అన్నది మాత్రమే. ఎథీనా తల, మెడూసాను చంపిన పెర్సియుస్ ఉన్న పెద్ద నాణేలైతే ఇరవై గ్రాముల దాకా తూగుతాయి.

సాగరతీరం:
పెర్సియుస్ మాట వచ్చింది కనుక అడుగుతున్నాను, నడుమ మెడూసా ముఖాన్నే ఎందుకు ఎంచుకున్నట్టు? అన్ని ఊళ్ళకూ ఒకే బొమ్మ ఎందుకు?

తామ్రలిపి:
మిత్రదాతీస్ తండ్రి వైపున తాను పారశీక రాజవంశీకుడినని చెప్పుకున్నాడు. పారశీకులకు మూలపురుషుడు పెర్సియుస్ వంశజుడని గ్రీకుల కథ. తనను గ్రీకు ప్రజలూ, ఇరానీ ప్రజలూ సమానంగా తమవాడనుకోవాలంటే పెర్సియుస్ కంటె అనువైన వీరుడు దొరకడు. ఇది నా అభిప్రాయం మాత్రమే కాదు, చాలామంది చెప్పినదే. అన్ని ఊళ్ళకూ ఒకే బొమ్మ ఉండటం చూస్తే, పేరుకు పట్టణాల నాణేలే అయినా నిర్ణయం రాజుదే అని తెలుస్తుంది. రోముతో యుద్ధాలకు సొమ్ము కావలసిన రోజులవి. ఇవి నల్లసముద్రం ఉత్తర తీరాన, ఆయన ఏలిన బోస్పోరస్ ప్రాంతంలోనూ దొరికాయి. ఈ శ్రేణిని మొదట వరుసలో పెట్టినవాడు స్విట్జర్లాండుకు చెందిన ఇమ్‌హూఫ్-బ్లూమర్, 1912లో. ఆయన వేసిన కాలవిభజనను తరువాతివారు కొంత సవరించారు కనుక చీటీ మీద ఒకే సంవత్సరం రాయకుండా ‘ఆరవ మిత్రదాతీస్ కాలం’ అని రాసుకోవడం మంచిది.

శ్రీవాణి_లీడ్స్:
ఆలస్యానికి క్షమించాలి, ఇక్కడ చీకటి పడేది రాత్రి తొమ్మిదిన్నరకు. మీరు చెప్పినట్టే పిల్లల చదువుకునే దీపాన్ని బల్ల మీద పడుకోబెట్టి ఎనిమిది కాదు, ఇరవై రెండు ఫోటోలు తీశాను. మూడింటిని జతచేస్తున్నాను.

మొదటి ఫోటోలో వెలుతురు ఎడమనుండి వస్తున్నది. ఎడమ సగం చివరి అక్షరానికి రెండు గీతలూ పైన కలిసి శిఖరంలా ఉన్నాయి. వాటి నడుమ అడ్డగీత తిన్నగా లేదు, నడుమకు విరిగి కిందికి వంగినట్టు ఉంది. అది నాణెం మీది గీరో, అక్షరంలో భాగమో నాకు తెలియలేదు. రెండవ ఫోటోలో వెలుతురు కిందినుండి వస్తున్నది. కుడివైపు ఆ నిలువు గీత పైకొస నుండి ఒక ఏటవాలు గీత కిందికి దిగుతున్నది, చుట్టు మాత్రం లేదు. కప్పా తరువాతి అక్షరం ఏ కోణంలోనూ లేవలేదు, అక్కడ చిన్న గుంట ఉంది. దాని తరువాతిది నాకు మ్యూలా అనిపిస్తున్నది కానీ, ఈసారి ‘అనిపిస్తున్నది’ అని మాత్రమే రాస్తున్నాను.

తామ్రలిపి:
నడుమకు విరిగిన అడ్డగీత గీరు కాదు. ఆ కాలపు ఆల్ఫాను చాలా చోట్ల అలాగే చెక్కేవారు, కనుక మీకు తెలియకుండా మీరు చూసినదే మంచి సాక్ష్యం. ఎడమ సగం చివర ఆల్ఫా, కుడి సగం మొదట ఏటవాలు గీతతో న్యూ. ఈటా కాదు, రో కాదు. రెండు సాక్ష్యాలు ఒకదానిమీద ఒకటి ఆధారపడకుండా ఒకే చోటికి చేరుతున్నాయి కనుక కోమన అని ఇప్పుడు సంతకం చేస్తాను. రెండవ అక్షరం గుంటలో పోయింది, దాన్ని మనం పూరించనవసరం లేదు.

చీటీ రాసేటప్పుడు ‘కోమన, పొంటస్’ అని ప్రాంతంతో సహా రాయండి, ఎందుకంటే పొంటస్‌కు దక్షిణాన ఉన్న కప్పడోకియాలో ఇదే పేరుతో మరొక కోమన ఉంది, రెండూ ‘మా’ అనే దేవత ఆలయాలకే ప్రసిద్ధి. మీ నాణెం ఊరు ఈనాటి టోకాట్ దగ్గరిది. అక్కడి ఆలయంలో ఆరు వేలకు తక్కువ కాకుండా ఆలయ సేవకులు ఉండేవారని, పొంటస్‌లోని అమాసియాలోనే పుట్టిన భూగోళవేత్త స్ట్రాబో రాశాడు. అక్కడి ప్రధాన పూజారి గౌరవంలో రాజు తరువాతివాడు.

పాతసామాను:
అమిసోస్ కంటె ఇది అరుదు అన్నారు కదా, ఎంత పలుకుతుందో ఎవరైనా చెబుతారా?

నిర్వాహకులు:
ఈ వేదికలో ధరల చర్చ వేరే విభాగంలో జరుగుతుంది, దయచేసి అక్కడ అడగండి. ఈ చర్చ చదివేవారికి ఒక సూచన: తుర్కియేలో 1983 నాటి 2863వ చట్టం ప్రకారం పురాతన నాణేలను దేశం దాటించడం నేరం, విహారయాత్రకు వెళ్ళి శిథిలాల దగ్గర అమ్మేవారి వద్ద కొనడమూ ప్రమాదమే. భారతదేశంలో 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన నాణెం పురావస్తువే, దాన్ని వ్యక్తులు విదేశాలకు పంపకూడదు. శ్రీవాణి గారు ఆ పొట్లం ఎప్పుడు, ఎక్కడ కొన్నదీ, అమ్మిన పెద్దాయన చెప్పిన వివరమూ చీటీ వెనుక రాసి ఉంచవలసిందిగా కోరుతున్నాము.

శ్రీవాణి_లీడ్స్:
పొట్లంతో వచ్చిన పాత కాగితపు కవరు పారేయలేదు, దానిమీద పెన్సిలుతో ‘పొంటస్’ అని, పక్కన ఒక ప్రశ్నార్థకం ఉన్నాయి. అదీ జతపరుస్తాను. చీటీ ఇలా రాశాను, తప్పులుంటే దిద్దండి: ‘కోమన, పొంటస్. ఆరవ మిత్రదాతీస్ కాలం. కంచు. 21 మి.మీ., 7.1 గ్రా. బొమ్మ: ఈజిస్, నడుమ మెడూసా. బొరుసు: మట్టతో కుడికి నడిచే నైకీ. ఎడమ: కప్పా, ఒక అక్షరం లేదు, మ్యూ (?), ఆల్ఫా. కుడి: న్యూ, ఓమెగా, న్యూ.’

తామ్రలిపి:
అచ్చుల దిశ కూడా చేర్చండి. బొమ్మ నిటారుగా ఉండగా నాణేన్ని పుస్తకం పుటలా తిప్పితే నైకీ తల ఏ గంట వైపు ఉంటే ఆ అంకె రాస్తే సరిపోతుంది.

సాగరతీరం:
నా నాణేన్ని ఈ రాత్రి దీపం పడుకోబెట్టి చూశాను. న్యూ, ఓమెగా ఎడమవైపే ఉన్నాయి, సినోపే అన్నది నిలిచింది. అయితే పదకొండేళ్ళ క్రితం నేను చీటీ మీద రాసుకున్న కుడివైపు ‘పేస్’ నాణెం మీద ఎక్కడా లేదు. అక్కడ చదునుగా ఉంది. చీటీలో ఆ భాగాన్ని కొట్టివేశాను.